మాత్ర పనిచేయడం లేదా, మనమే పనిచేయనివ్వడం లేదా?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 69. పార్కిన్సన్స్ జబ్బని ఐదేళ్ల కిందట చెప్పారు. సిండోపా 110 మాత్ర పొద్దున 7కి, మధ్యాహ్నం 2కి, రాత్రి 9కి వేస్తున్నాం. ఖాళీ కడుపుతో వేస్తే వికారంగా ఉంటోందని మూడు పూటలా తిన్న తర్వాతే వేస్తాం. మొదట్లో బాగా పనిచేసింది. ఏడాదిగా మధ్యాహ్నం మాత్ర వేసినా సాయంత్రం దాకా కుర్చీలోంచి లేవలేకపోతున్నారు. బాత్రూమ్ గడప దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. రెండుసార్లు పడ్డారు. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయంటే ఊళ్లో డాక్టరు సిన్నరిజిన్ రాశారు. కడుపుబ్బరానికి రోజూ ఒక గ్యాస్ క్యాప్సూల్ వేసుకుంటారు. అందులో రాబిప్రజోల్, లెవోసల్పిరైడ్ అని ఉంది. వణుకు తగ్గడానికి ట్రైహెక్సీఫెనిడిల్ 2 మిల్లీగ్రాములు మూడు పూటలా వాడుతున్నారు. బీపీ మాత్ర కూడా ఉంది. ఈమధ్య మతిమరుపు మొదలైంది. డోసు పెంచితే మందు తొందరగా 'అయిపోతుంది' కాబట్టి ఓర్చుకోమని కొందరు, దూలగొండి గింజల పొడి వాడమని కొందరు చెబుతున్నారు. ఇది వయసు వల్ల వచ్చిందేనా? మాకూ వస్తుందా? ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: మందుల పేర్లు, వేసే వేళలు విడివిడిగా రాసి చాలా మంచి పని చేశారు. వాటిని చూస్తే నాన్నగారి జబ్బు ముదిరిందని తేల్చేసే ముందు చూడవలసినవి మూడు కనిపిస్తున్నాయి: మందుల కవర్లోని మిగతా స్ట్రిప్పులు, అన్నం కంచం, గోడ గడియారం. డోసు పెంచే సంగతి ఆ తర్వాత.

స్ట్రిప్పులతో మొదలుపెడదాం. మెదడు అడుగు భాగంలో నల్లటి రంగుండే చిన్న ప్రాంతంలోని కణాలు డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేస్తాయి. కదలికలు సాఫీగా సాగడానికి అదే ఆధారం. ఈ జబ్బులో ఆ కణాలు తగ్గిపోతాయి. లెవోడోపా అంటే మెదడుకు చేరి డోపమైన్‌గా మారే ముడిసరుకు. మీరు వాడుతున్న 110 మాత్రలో లెవోడోపా 100 మిల్లీగ్రాములు, కార్బిడోపా 10 మిల్లీగ్రాములు ఉంటాయి. కార్బిడోపా పని ఒక్కటే: లెవోడోపా దారిలోనే, అంటే మెదడు బయటే, డోపమైన్‌గా మారిపోకుండా ఆపడం. బయట మారిపోతే మెదడుకు చేరేది తగ్గుతుంది, పైగా వికారం పుడుతుంది. ఆ ఆపే పని సరిగ్గా జరగాలంటే రోజుకు 70 నుంచి 100 మిల్లీగ్రాముల కార్బిడోపా కావాలి. మూడు మాత్రలూ కలిపి నాన్నగారికి అందుతున్నది 30.

ఇక్కడి నుంచి ఏం జరిగి ఉంటుందో చూడండి. కార్బిడోపా చాలక వికారం వచ్చింది. వికారం వస్తోందని మాత్రను అన్నం తర్వాతకు జరిపారు. కడుపులో ఇబ్బందిని గ్యాస్ అనుకుని లెవోసల్పిరైడ్ ఉన్న క్యాప్సూల్ మొదలైంది. ఈ లెవోసల్పిరైడ్ చేసే పనే డోపమైన్‌ను అడ్డుకోవడం! పొట్ట కదలికలు పెంచడానికి వాడే ఈ మందు మెదడులోకీ వెళ్లి, డోపమైన్ అతుక్కోవలసిన చోట తాను కూర్చుంటుంది. తాళంకప్పలో మైనం పోసి, తాళంచెవి తిరగడం లేదని కంగారు పడినట్టుంది వ్యవహారం. పార్కిన్సన్స్ లేని పెద్దవాళ్లలో కూడా నెలల తరబడి వాడితే ఇది వణుకు, బిగుతు తెప్పిస్తుంది. కళ్లు తిరగడానికి ఇచ్చిన సిన్నరిజిన్, దాని బంధువు ఫ్లునరిజిన్, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్ అన్నీ ఇదే కోవలోవి. పార్కిన్సన్స్ ఉన్నవారికి ఇవి పనికిరావు.

మీ నాన్నగారి కవర్లో ఇలాంటివి రెండున్నాయి. లెవోసల్పిరైడ్, సిన్నరిజిన్ ఆపేయడం గురించి ఈ వారంలోనే న్యూరాలజిస్టుతో మాట్లాడండి. అసిడిటీ నిజంగా ఉంటే రాబిప్రజోల్ ఒక్కటే ఉన్న మాత్ర దొరుకుతుంది. గ్యాస్ క్యాప్సూళ్లు పైకి ఒకేలా కనిపిస్తాయి, పేరు చివర ఒకటి రెండు అక్షరాలే తేడా. కాబట్టి షాపులో ఏది ఇచ్చినా స్ట్రిప్పు వెనక సన్న అక్షరాల్లో ఉన్న మందు పేర్లు చదివాకే తీసుకోండి. ఒక మాట ముందే తెలుసుకోండి: ఈ మందులు ఆపిన మర్నాడే తేడా తెలియదు. వాటి ప్రభావం పోవడానికి కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. పది రోజులు చూసి ఏమీ లాభం లేదని మళ్లీ మొదలుపెట్టకండి.

న్యూరాలజిస్టును అడగవలసిన రెండో సంగతి, 110కి బదులు లెవోడోపా 100, కార్బిడోపా 25 ఉన్న మాత్రకు మార్చవచ్చా అని. సిండోపాలోనే ప్లస్ అని వచ్చేది ఈ కొలతే. మూడు వేస్తే కార్బిడోపా 75 అందుతుంది. వికారం తగ్గితే మాత్రను అన్నానికి ముందుకు తేవడం కుదురుతుంది. అప్పటికీ వికారం ఉంటే కొన్నాళ్లపాటు మాత్రకు అరగంట ముందు డోంపెరిడోన్ 10 మిల్లీగ్రాములు ఇస్తారు. అది మెదడులోకి దాదాపు వెళ్లదు కాబట్టి ఈ జబ్బులో వాడవచ్చు. గుండె జబ్బుంటే మాత్రం ముందు ఈసీజీ తీయించాలి.

ఇప్పుడు కంచం. లెవోడోపా కడుపులో ఇంకదు, దాన్ని దాటి చిన్నపేగు మొదటి భాగానికి చేరాకే రక్తంలోకి వెళుతుంది. అక్కడ అది ఎక్కే బండినే మాంసకృత్తులు అరిగి తయారైన అమైనో ఆమ్లాలూ ఎక్కాలి. పప్పు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం తిన్న వెంటనే మాత్ర వేస్తే బండి నిండా అవే ఉంటాయి, మాత్రకు చోటు దొరకదు. రక్తంలోంచి మెదడులోకి వెళ్లే చోటా మళ్లీ ఇదే తోపులాట. పైగా నిండు భోజనం కడుపులోంచి కిందికి దిగడానికే గంటలు పడుతుంది, ఈ జబ్బున్నవారిలో కడుపు కదలిక అసలే నెమ్మది. పొద్దున మాత్ర కాస్త నయంగా ఉండడానికి కారణం కూడా ఇదే. రాత్రంతా కడుపు ఖాళీగా ఉంది, రెండు ఇడ్లీలు తేలిక. మధ్యాహ్నం పప్పన్నం, పెరుగన్నం తిని 2 గంటలకు వేసిన మాత్ర ఏ నాలుగింటికో కిందికి దిగుతుంది, అదీ అరకొరగా.

కాబట్టి మాత్ర భోజనానికి కనీసం అరగంట ముందు, లేదా తిన్న గంటన్నర తర్వాత పడాలి. నిటారుగా కూర్చోబెట్టి నిండు గ్లాసు నీళ్లతో వేయండి. పాలతోనూ, పాలు పోసిన కాఫీతోనూ వద్దు. వికారం వస్తే ఒక మేరీ బిస్కెట్టో, అరటిపండు ముక్కో పెట్టవచ్చు, వాటిలో మాంసకృత్తులు తక్కువ. ఐరన్ మాత్ర వాడుతుంటే కనీసం రెండు గంటల ఎడం ఉండాలి, ఐరన్ లెవోడోపాను పట్టేసుకుంటుంది. అలాగని పప్పు, పెరుగు మాన్పించకండి. ఈ జబ్బులో కండ కరిగి బరువు తగ్గేవాళ్లే ఎక్కువ. 60 కిలోల మనిషికి రోజుకు 50 నుంచి 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. పగలు కాస్త తగ్గించి, గుడ్డో చేపో ముద్దపప్పో రాత్రి భోజనంలోకి మార్చండి. రాత్రి కదలిక కొంచెం తగ్గినా పడుకునే వేళే కాబట్టి నష్టం తక్కువ. రెండు వారాలకోసారి బరువు చూసి రాసిపెట్టండి.

మలబద్ధకం గురించి మీరు రాయలేదు, అడగరు కూడా చాలామంది. ఈ జబ్బులో అది వణుకు కన్నా ఏళ్ల ముందే మొదలవుతుంది. నాలుగు రోజులు విరేచనం కాని మనిషికి ఏ మాత్రా సరిగ్గా ఎక్కదు. రోజుకు ఆరేడు గ్లాసుల నీళ్లు, ఆకుకూర, రాత్రి ఇసబ్గోల్ చూడండి. ఇసబ్గోల్ వేసి నీళ్లు తాగకపోతే మరింత బిగుస్తుంది. చాలకపోతే నీళ్లలో కలుపుకుని తాగే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి ఉంది, రోజూ వాడినా ఇబ్బంది లేదు. కిడ్నీ, గుండె జబ్బుల వల్ల నీళ్లు తగ్గించమని చెప్పి ఉంటే డాక్టరు చెప్పిన కొలతే పాటించండి.

గడియారం. 7, 2, 9 అంటే ఒక్కో మాత్రకు మధ్య ఏడు గంటలు. లెవోడోపా రక్తంలో గంటన్నరకే సగానికి పడిపోతుంది. మొదటి రెండు మూడేళ్లు మెదడులో మిగిలిన కణాలు దాన్ని దాచుకుని నెమ్మదిగా వాడేవి, అందుకే మూడు పూటలు సరిపోయింది. ఐదేళ్లు గడిచేసరికి ఆ దాచుకునే శక్తి తగ్గి, ఒక్కో మాత్ర నాలుగైదు గంటలే పనిచేస్తుంది. పొద్దున 7కి వేసింది 11.30కే అయిపోతుంది. మధ్యాహ్నంది సరిగ్గా అందదు. అంటే సాయంత్రం దాకా ఆయన దాదాపు మందు లేకుండా ఉంటున్నారు.

మీ చేతిలో ఉన్న మార్పు మధ్యాహ్నం మాత్రను 12.30కి తేవడం. భోజనం 1.15కి పెట్టండి. ఇంతకు మించినది, అంటే నాలుగో మాత్ర చేర్చడం, డాక్టరు చేయవలసిన పని. సాధారణంగా పొద్దున 6.30, 11, 3.30, రాత్రి 8 అని నాలుగు వేళలు పెడితే టిఫిను 7.15కి, భోజనం 12.15కి, రాత్రి అన్నం 8.45కి చక్కగా ఇముడుతాయి. పొద్దుటి మాత్ర, నీళ్ల గ్లాసు రాత్రే మంచం పక్కన పెట్టుకుంటే కాఫీకి ముందే పడుతుంది. ఫోనులో అలారం పెట్టండి, అరగంట తేడా కూడా ఇకపై తెలుస్తుంది. సీఆర్ అని రాసి ఉన్న నెమ్మదిగా కరిగే మాత్ర ఎప్పుడైనా ఇస్తే దాన్ని నూరకూడదు, నమలకూడదు.

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు మూడు రోజులు ఒక కాగితం మీద గంట గంటకూ గీతలు గీయండి. మాత్ర వేసిన టైము, తిన్న టైము, ఆ గంటలో ఆయన మామూలుగా నడిచారా, బిగుసుకున్నారా, లేక ఒళ్లు మెలికలు తిరిగినట్టు తనంతట తానే ఊగిందా, అంతే. ఈ చివరిది వణుకు కాదు. వణుకు కూర్చున్నప్పుడు లయగా వస్తుంది. మెలికల ఊపు మందు ఎక్కువైనప్పుడు వస్తుంది, దానికి డోసు తగ్గించాలి. రెండింటినీ కలిపి 'వణుకు ఎక్కువైంది' అని చెబితే డాక్టరు పెంచే ప్రమాదం ఉంది. ఫోనులో అర నిమిషం వీడియో తీసి చూపిస్తే ఆ గందరగోళమే ఉండదు.

'మందు అయిపోతుంది' అన్న భయం ఎన్నో ఇళ్లలో మనిషిని మంచానికి పరిమితం చేస్తోంది. అది నిజం కాదు. ఘనాలో మందు దొరక్క ఆలస్యంగా మొదలుపెట్టినవారిని, ఇటలీలో ముందే మొదలుపెట్టినవారిని పోల్చిన పరిశోధన 2014లో వచ్చింది. మందు పనిచేయడంలో ఒడుదొడుకులు రెండు చోట్లా జబ్బు మొదలైన దాదాపు అన్నేళ్లకే కనిపించాయి. మందు ఆలస్యం చేసినవారికి కలిసొచ్చింది ఏమీ లేదు, నడవగలిగిన ఏళ్లు పోగొట్టుకున్నారు. అవసరమైనంత డోసు, వీలైనంత తక్కువలో వాడాలి, అంతే. ఇంకో ముఖ్యమైన సంగతి: లెవోడోపాను హఠాత్తుగా మానేయకూడదు. మానేస్తే తీవ్రమైన జ్వరం, ఒళ్లంతా బిగుసుకుపోవడం వచ్చి ప్రాణం మీదికి వస్తుంది.

దూలగొండి గురించి చెప్పినవారు పూర్తిగా తప్పు చెప్పలేదు. ఆ గింజల్లో ఉన్నది లెవోడోపాయే. అందుకే అది పనిచేసినట్టు కనిపిస్తుంది, అందుకే ప్రమాదం కూడా. ఒక్కో గింజలో, ఒక్కో పొడిలో ఎంత ఉందో తెలియదు. కార్బిడోపా ఉండదు కాబట్టి వికారం, బీపీ పడిపోవడం ఎక్కువ. మాత్రతో పాటు వేస్తే ఎంత పడిందో లెక్క దొరకదు. మీ నాన్నగారికి ఇప్పుడు వద్దనే చెబుతున్నాం.

కళ్లు తిరగడం చెవి వల్ల అని సిన్నరిజిన్ ఇచ్చి ఉంటారు. నిలబడితేనే తిరుగుతున్నాయని మీరు రాశారు కాబట్టి బీపీ పడిపోవడం అనుమానించాలి. ఇంట్లో చూడవచ్చు: ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే అదే కారణం. జబ్బు వల్ల, లెవోడోపా వల్ల, బీపీ మాత్ర వల్ల కూడా అలా జరుగుతుంది. ఐదేళ్ల కిందట సరిపోయిన బీపీ మాత్ర ఇప్పుడు ఎక్కువై ఉండవచ్చు, ఈ అంకెలు చూపించి తగ్గించమని అడగండి. లేచే ముందు రెండు గ్లాసుల నీళ్లు, మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోవడం, తలవైపు మంచం కోళ్ల కింద అరడుగు ఎత్తు పెట్టడం ఉపయోగపడతాయి.

మతిమరుపు విషయంలో మా మొదటి అనుమానం ట్రైహెక్సీఫెనిడిల్ మీద. 65 దాటినవారిలో అది మెదడును మబ్బు కమ్మినట్టు చేస్తుంది, లేనివి కనిపిస్తాయి, మూత్రం బిగుస్తుంది, మలబద్ధకం పెరుగుతుంది. ఒక్కసారిగా ఆపకూడదు. డాక్టరు చెప్పిన వరుసలో వారానికో మాత్ర చొప్పున తగ్గిస్తారు. దాంతో పాటు విటమిన్ బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడేవారిలో, శాకాహారుల్లో బి12 తగ్గడం మామూలే. ఇవన్నీ సరిచేశాక కూడా మతిమరుపు ఉంటే జబ్బులో భాగం కావచ్చు, దానికి వేరే మందులున్నాయి.

ఇక గడప. ఇరుకు దారి, తలుపు, మలుపు కనిపించగానే కాళ్లు నేలకు అంటుకోవడం ఈ జబ్బులో బాగా తెలిసిన లక్షణం. అలవాటుగా తనంతట తాను సాగే నడక తెగిపోతుంది గానీ, కళ్లతో చూసి వేసే అడుగు, లెక్కకు వేసే అడుగు వేరే దారిలో నడుస్తాయి, అవి మిగిలి ఉంటాయి. అందుకే మెట్లు చకచకా ఎక్కే మనిషి చదునైన నేల మీద ఆగిపోతాడు. బాత్రూమ్ గడపకు ఇవతల మూడు, అవతల రెండు, ఆయన అడుగంత దూరంలో రంగు టేపు పట్టీలు అడ్డంగా అంటించండి. పట్టీని దాటమని చెప్పండి, నడవమని కాదు. ఆగిపోయినప్పుడు చేయి పట్టి లాగకండి, లాగితే పైభాగం ముందుకొస్తుంది, కాళ్లు రావు, పడతారు. ఒక క్షణం ఆగి, బరువు ఎడమ కాలి మీదికి, కుడి కాలి మీదికి మెల్లగా ఊగమని, 'ఒకటి, రెండు' అంటూ మడమ ముందు ఆనేలా పెద్ద అడుగు వేయమని చెప్పండి. మీ పాదం ఆయన పాదం ముందు అడ్డంగా పెట్టి దాటమన్నా అడుగు పడుతుంది. ఆ సమయంలో మాటలు పెట్టకండి, చేతిలో చెంబు, తువ్వాలు ఉండకూడదు. వెనక్కి తిరగాలంటే ఉన్నచోట గిరుక్కున కాకుండా అర్ధచంద్రాకారంలో నాలుగైదు అడుగులు వేసి తిరగాలి. బాత్రూమ్‌లో కమోడ్ పక్కన గోడకు స్టీలు పట్టుకొమ్మ, రాత్రిపూట ఒక చిన్న బల్బు పెట్టించండి. కాళ్లు తుడుచుకునే జారే పట్టాలు, లుంగీ అంచు కాళ్లకు తగలడం కూడా చూసుకోండి.

వ్యాయామం మందుతో సమానం. వారానికి కనీసం నాలుగు రోజులు, మాత్ర బాగా పనిచేస్తున్న గంటలో, అరగంట పాటు ఒళ్లు వెచ్చబడే వేగంతో నడిపించండి. చేతులు ఊపుతూ, పెద్ద అడుగులతో. గొంతు సన్నబడితే రోజూ దినపత్రిక ఒక పేజీ బిగ్గరగా చదివించండి.

వయసు మాటకొస్తే, వయసుతో అందరికీ ఆ కణాలు కొన్ని తగ్గుతాయి, నడక నెమ్మదిస్తుంది, కానీ అది రెండు వైపులా సమంగా, కొద్దిగా ఉంటుంది. ఈ జబ్బు ఒక పక్క మొదలవుతుంది: ఒక చేయి ఊగదు, చేతిరాత చిన్నదైపోతుంది, వాసన తెలియదు. లక్షణాలు బయటపడేసరికి ఆ కణాల్లో సుమారు సగమో, అంతకు మించో పోయి ఉంటాయి. మీకు వచ్చే అవకాశం కొంచెమే ఎక్కువ. 60 దాటాక మొదలైనవాటిలో ఎక్కువ శాతం వంశపారంపర్యం కాదు. నలభై లోపు వచ్చి, తల్లిదండ్రులది మేనరికమైతే మాత్రం జన్యుపరీక్ష గురించి ఆలోచించాలి. మీ విషయంలో అవసరం లేదు.

మందుల వేళలు, అడ్డం వచ్చే మందులు సరిచేసిన తర్వాత కూడా రోజులో సగం గంటలు బిగుసుకునే ఉంటే, మతి స్పష్టంగా ఉండి లెవోడోపాకు శరీరం బాగా స్పందిస్తుంటే, మెదడులో సన్నటి తీగలు పెట్టే డీబీఎస్ ఆపరేషన్ ఒక దారి. హైదరాబాద్ నిమ్స్‌లో కూడా చేస్తారు. దీనివల్ల మతిమరుపు తగ్గదు. మాత్రకు కూడా తీరని తూలుడు ఆపరేషన్‌కూ తీరదు. ఆ సంగతి తెలిసే ముందుకెళ్లాలి. పార్కిన్సన్స్ 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఒకటి. జిల్లా మెడికల్ బోర్డు 40 శాతం, ఆపైన ధ్రువీకరిస్తే యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు మీద రాయితీలు అందుతాయి.

ఒకటి రెండు రోజుల్లోనే నాన్నగారు బాగా దిగజారితే జబ్బు పెరిగిందనుకోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, జ్వరం, మలబద్ధకం, తప్పిన మాత్ర, ఎవరో కొత్తగా ఇచ్చిన మందు, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. తలకు దెబ్బ తగిలినా, మింగేటప్పుడు పొలమారడం రోజూ జరుగుతున్నా ఆలస్యం చేయొద్దు. ఏదైనా ఆపరేషన్‌కు ఆస్పత్రిలో చేర్చవలసి వస్తే మాత్రల వేళలు తప్పకుండా చూడమని మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. ఆయన పర్సులో ఒక కాగితం ఉంచండి: పైన మాత్ర పేరు, వేళలు, కింద ఎర్ర సిరాతో ఇవ్వకూడని మందులు – మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్, లెవోసల్పిరైడ్, సిన్నరిజిన్, ఫ్లునరిజిన్, మతి చెదిరినప్పుడు ఇచ్చే హాలోపెరిడాల్. ఒక నకలు మీరు మందులు కొనే షాపులో ఇవ్వండి.